పెంపుడు చిలకను మచ్చిక చేసుకోవడం ఎలా? తొందరపడితే మొదటికే మోసం

కొత్తగా పక్షిని తెచ్చుకున్న ఇంట్లో మొదటి రోజు ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. పిల్లలు పంజరానికి ముక్కు ఆనించి నిలబడతారు, పక్కింటివాళ్లు చూడ్డానికి వస్తారు, జేజి "రామా అను, రామా అను" అని మొదలుపెడుతుంది, ఎవరో ఒకరు ధైర్యం చేసి లోపలికి చెయ్యి పెట్టేస్తారు. పక్షి పంజరమంతా కొట్టుకుని ఒక మూలకు చేరి రొప్పుతూ ఉంటుంది. కొత్త కదా, రెండు రోజులు పోతే అదే అలవాటవుతుందిలే అనుకుంటారు. అలవాటు కాదు. చెయ్యి వస్తే ప్రాణం మీదికి వచ్చినట్టే అన్న సంగతి మాత్రం ఆ ఒక్క సాయంత్రంలోనే దానికి బాగా ఎక్కేస్తుంది, దాన్ని మరిపించడానికి నెలలు పడుతుంది.

ఇక్కడ నేను చెప్పే పద్ధతిలో పెద్ద చిట్కాలేమీ లేవు. ఏం చేసినా సరే, వెనక్కి పోయే దారి పక్షికి వదిలిపెట్టి చేయాలి. తువ్వాలు కప్పి ఒడిసిపట్టడం, రెక్కలు కత్తిరించి భుజం మీద కూర్చోబెట్టుకోవడం, ఇవి తొందరగా అయ్యే పనులే గానీ అలా లొంగిన పక్షి వేరే గతి లేక కూర్చుని ఉంటుంది, సందు దొరికిన రోజు ఎగిరిపోతుంది, లేదంటే వేలు చీలుస్తుంది. పోవడానికి దారి ఉన్నా పోకుండా మీ చేతి మీద కూర్చుందంటే అప్పుడు మచ్చికైనట్టు.

ముందు ఏ చిలకో తేల్చుకోండి

మన చుట్టూ కనిపించే పచ్చ రామచిలకను పెంచుకోవడం నేరం. మా కర్నూలు చుట్టుపక్కల పొద్దుతిరుగుడు చేల మీద, జొన్న చేల మీద గుంపుగా వచ్చి పడేది ఇదే, మగదానికి మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు పట్టీ ఉంటుంది. భుజాల మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలక కూడా అంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టడం ఏదీ కుదరదు, జైలు, జరిమానా దాకా పోతుంది. చిలక జోస్యం చెప్పేవాళ్ల పంజరంలో ఉండేది కూడా ఇదే, అదీ చట్టం ఒప్పుకోదు. "మా తాత పెంచినాడు, మా మామ పెంచినాడు" అనేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు, వాళ్లతో వాదన అనవసరం. చెట్టు తొర్రల్లోంచి తీసిన పిల్లలను ఎవరైనా సంచిలో పెట్టుకుని అమ్మకానికి తెస్తే కొనకండి. ఒకటి కొంటే వచ్చే ఏడాది ఇంకో నాలుగు తొర్రలు ఖాళీ అవుతాయి. గూటిలోంచి పడిన పిల్ల దొరికితే అటవీ శాఖవాళ్లకు చెప్పండి.

పెంచుకోగలిగినవి విదేశీ జాతులు. షాపుల్లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే చిన్న రంగురంగుల పక్షులు ఎక్కువగా బడ్జీలే. తరవాత కాకటీల్, ఆఫ్రికన్ లవ్ బర్డ్స్, సన్ కొన్యూర్, డబ్బున్నవాళ్లు తెచ్చుకునే ఆఫ్రికన్ గ్రే. వీటిలో సన్ కొన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటివి వన్యజీవుల వ్యాపారం మీద ఉన్న సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి కాబట్టి 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. బడ్జీ, కాకటీల్ ఆ జాబితాలో లేవు. మొదటిసారి పెంచేవాళ్లు నన్నడిగితే కాకటీల్ అంటాను. చూడ్డానికి నెమ్మది, కొరికినా గాయం పెద్దగా కాదు, పైగా తలమీద కుచ్చు ఉంటుంది కాబట్టి దాని మనసులో ఏముందో చదవడం సులువు. అయితే బాగా చూసుకుంటే 15, 20 ఏళ్లు బతుకుతుంది, అది ఆలోచించుకోండి. పిల్లల ముచ్చట కోసమని తెస్తే, పిల్లలు ఇంజినీరింగ్ అయిపోయి బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లాక కూడా అది మీ వరండాలోనే ఉంటుంది.

ఇంకో మాట. కళ్లు కూడా సరిగా తెరవని పిల్లను తెచ్చి సిరంజితో తినిపిస్తే మనకు బాగా మాలిమి అవుతుందని కొందరు అమ్మకందార్లు చెప్తారు. నమ్మకండి. ఆహారం కాస్త వేడెక్కువైతే మెడ కింది తిండి సంచి కాలిపోతుంది, కాస్త దారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తనంతట తాను గింజలు ఒలుచుకుని తినే వయసు వచ్చిన పక్షినే తీసుకోండి.

పంజరం, దాన్ని పెట్టే చోటు

గుండ్రటి పంజరాలు అందంగా ఉంటాయి గానీ పక్షికి ఆనుకోవడానికి మూల ఉండదు. పలక పంజరం తీసుకోండి, ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే ఇవి హెలికాప్టర్‌లా నిలువుగా లేవవు కదా, అడ్డంగా ఎగురుతాయి. ఒక్క కాకటీల్‌కు కనీసం 2 అడుగుల వెడల్పు కావాలి. బడ్జీకైతే చువ్వల మధ్య సందు అర అంగుళం దాటకూడదు, తల ఇరుక్కుంటుంది. పంజరంతో వచ్చే నున్నటి ప్లాస్టిక్ కడ్డీలు తీసి పారేసి, వేప కొమ్మో జామ కొమ్మో కడిగి ఎండబెట్టి పెట్టండి, సన్నం లావు కలిసి ఉంటే పాదాలకు మంచిది. గన్నేరు మాత్రం వద్దు, అది విషం.

చోటు విషయానికొస్తే, ఒక వైపు గోడ ఉండాలి. నాలుగు వైపులా మనుషులు తిరిగే హాలు మధ్యలో పెడితే అది ఎప్పుడూ బెదురుతూనే ఉంటుంది. మన ఛాతీ ఎత్తులో, ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకునే గదిలో పెట్టండి. వంటింట్లో వద్దే వద్దు: నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మంట మీద ఉండిపోయి వేడెక్కితే వచ్చే పొగకు మనకు తలనొప్పి కూడా రాకపోవచ్చు, పక్షి నిమిషాల్లో చచ్చిపోతుంది. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ, అగరొత్తులు కూడా ఆ గదిలో ఆపేయండి. శుక్రవారం సాంబ్రాణి మానమంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరని నాకు తెలుసు, ఆ కాసేపు పంజరాన్ని వేరే గదికి మార్చి తలుపేయండి.

మొదటి వారం: చెయ్యి దూరం

ఈ వారంలో చేయాల్సింది చాలా తక్కువ, అందుకే చాలామంది చేయలేరు. తిండి, నీళ్లు మార్చడానికి తప్ప పంజరంలోకి చెయ్యి పెట్టకండి. ఆ పని కూడా రోజూ ఒకే వేళకు, నెమ్మదిగా, "నీళ్లు పెడుతున్నా" అని ఏదో ఒకటి మాట్లాడుతూ చేయండి. చేతులకు గ్లవ్స్ వద్దు, అవి చూస్తే ఇంకా బెదురుతుంది. మిగతా సమయంలో పంజరానికి నాలుగైదు అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, దాని వైపు నేరుగా తేరిపార చూడకుండా, మీ పని మీరు చేసుకోండి, పేపర్ చదవండి, చిక్కుళ్లు ఒలవండి, ఫోన్లో మాట్లాడండి. నేరుగా రెండు కళ్లతో చూసేది దాని దృష్టిలో వేటాడే జంతువు. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉన్నాయి చూడండి, అది వేటకు గురయ్యే జాతి. పైనుంచి వచ్చే నీడ ఏదైనా దానికి గద్దే. అందుకే చెయ్యి ఎప్పుడూ తల మీదుగా పోకూడదు, ముందునుంచి, దాని పొట్ట ఎత్తులో పోవాలి.

మీరు దగ్గర కూర్చున్నప్పుడు అది తింటోందా అన్నది గమనించండి. భయం ఉన్న పక్షి మీ ముందు గింజ ముట్టదు. మీరు గదిలో ఉండగా నింపాదిగా తిన్నదంటే, ఈకలు సర్దుకున్నదంటే, ఒంటికాలి మీద నిలబడి కునికిందంటే మొదటి మెట్టు ఎక్కినట్టే. ఇది కొన్నిటికి రెండు రోజుల్లో వస్తుంది, కొన్నిటికి మూడు వారాలు పడుతుంది, మధ్యలో మీరు టెన్షన్ పడి లాభం లేదు.

అది ఏమంటోందో చూడండి

కాకటీల్ తలమీది కుచ్చు నిటారుగా లేచి, ఒళ్లు సన్నగా బిగదీసుకుందంటే బెదిరింది, లేదా ఏదో గట్టిగా గమనిస్తోంది. కుచ్చు తలకు పూర్తిగా అతుక్కుపోయి, నోరు తెరిచి బుస్సుమంటే కోపం, చెయ్యి తీసేయండి. కుచ్చు కాస్త వెనక్కి వాలి నెమ్మదిగా ఉంటే హాయిగా ఉన్నట్టు. నిద్రకు ముందు ముక్కు కొరుకుతున్నట్టు కిరకిర శబ్దం చేస్తుంది, కొత్తవాళ్లు జబ్బనుకుంటారు, అది సుఖంగా ఉందన్న గుర్తు. ఆఫ్రికన్ గ్రే లాంటి పెద్ద చిలకల్లో కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతూ ఉంటే ఉద్రేకంలో ఉందని అర్థం, ఆ ఉద్రేకం సంతోషమో కోపమో పక్కన ఇంకేం చేస్తోందో చూసి తేల్చుకోవాలి, అనుమానంగా ఉంటే ఆగడం మేలు. బడ్జీ ఒళ్లు బిగదీసుకుని కొమ్మ చివరికి జరిగిందంటే దూరంగా పొమ్మని మర్యాదగా చెప్తోంది. ఆ మర్యాద మాట మనం వినకపోతేనే తరవాత ముక్కుతో చెప్తుంది.

కొర్ర కంకితో మొదలు

పెట్ షాపుల్లో మిల్లెట్ స్ప్రే అని ప్యాకెట్ మీద వేసి మంచి ధర పెట్టి అమ్మేది మరేం కాదు, కొర్ర కంకి. మన సీమలో దీనికి కొదవే లేదు, సూర్యనంది అన్న కొర్ర రకం వచ్చింది నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచే. కోతల కాలంలో తెలిసిన రైతు ఎవరైనా ఉంటే పురుగుమందు కొట్టని చేలోంచి ఒక కట్ట కంకులు అడిగి తెచ్చుకోండి, నీడన ఆరబెట్టి డబ్బాలో పెట్టుకుంటే చాలా నెలలు వస్తాయి. అంగట్లో దొరికే కొర్ర బియ్యం పనికిరాదు, పొట్టుతో ఉన్నదే కావాలి, ఒలుచుకుని తినడంలోనే వాటి సరదా అంతా ఉంది.

పొద్దున్నే, అది ఇంకా పెద్దగా తినకముందు, కంకిని పొడుగ్గా పట్టుకుని చువ్వల సందులోంచి దానికి అందీ అందనట్టు పెట్టండి. మీ వేళ్లు కంకి ఆ చివర ఉండాలి. ఇక కదలొద్దు. కాకటీలైతే ముందు కుచ్చు లేస్తుంది. తల పక్కకు తిప్పి ఒక కంటితో కంకిని, ఇంకో వైపు తిప్పి మీ చేతిని చూస్తుంది. తరవాత పాదాలు ఉన్నచోటే ఉంటాయి, మెడ మాత్రం సాగుతుంది, ఇంత మెడ దీనికి ఎక్కడుందా అనిపించేంత సాగుతుంది, ఒక్క గింజ లాక్కుని టక్కున వెనక్కి పోతుంది. అక్కడే ఆగి ఆ గింజను నాలుక మీద తిప్పుతూ పొట్టు వదిలేసి, మళ్లీ చూస్తుంది. ఈసారి ఒక పాదం జరుపుతుంది. ఆ పాదం జరగడం కోసమే మీరు చెయ్యి నొప్పి పుడుతున్నా కదలకుండా నిలబడాల్సింది. "తిను తిను" అంటూ కంకిని ముందుకు తోశారంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ఒక్కో విడత 5 నుంచి 10 నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడు సార్లు. అది ఇంకా తింటూ ఉండగానే, విసుగు పుట్టకముందే ఆపేయండి. ఈ కంకి మీ చేతిలోంచి తప్ప ఇంకెక్కడా దొరకకూడదు. పంజరంలో రోజంతా వేలాడదీసి ఉంటే మీ చేతి దగ్గరికి ఎందుకొస్తుంది? అట్లని ఆకలికి మాడ్చి దారికి తెచ్చుకుందామనుకోకండి, ఇంత చిన్న ఒంట్లో నిల్వలు ఉండవు, ఒక రోజు పస్తే ప్రాణాల మీదికి తెస్తుంది.

రోజులు గడిచే కొద్దీ మీ వేళ్లు గింజలకు దగ్గరగా రావాలి. తరవాత తలుపు తెరిచి, లోపలికి చెయ్యి పెట్టి అదే పని. ఇక్కడ కొన్ని పక్షులు మళ్లీ బెదురుతాయి, చువ్వల అవతలి చెయ్యి వేరు, చువ్వల ఇవతలి చెయ్యి వేరు వాటికి. ఒక మెట్టు దిగి మళ్లీ రండి.

చెయ్యి మీదికి

చూపుడు వేలు అడ్డంగా, కొమ్మలా, పక్షి కాళ్లకు కాస్త పైన, పొట్ట కిందుగా పెట్టండి. ఇంకో చేత్తో కంకిని ఎంత దూరంలో పట్టుకోవాలంటే, వేలి మీదికి ఎక్కితేనే అందేంత దూరంలో. ముందు అది మోసం చేసి మెడ చాచి తినాలని చూస్తుంది, చాచనివ్వండి, అందదు. తరవాత ఒక పాదం వేలి మీద వేసి బరువు మోపుతుందా లేదా అని పరీక్షిస్తుంది, ఒక్కోసారి ముక్కుతో వేలిని పట్టుకుంటుంది. ఇది కొరకడం కాదు, ఎక్కే కొమ్మ గట్టిదేనా అని ముక్కును మూడో కాలులా వాడుకోవడం. ఇక్కడ ఉలిక్కిపడి వేలు లాగేశారంటే, ఈ కొమ్మ కదిలే కొమ్మ అని దానికి అర్థమవుతుంది, ఇక ఎక్కదు. చాలామంది దగ్గర ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

ఎక్కేటప్పుడు "ఎక్కు" అని ఒకే మాట వాడండి, ఇంట్లో అందరూ అదే అనాలి. ఒకరు "రా బంగారు", ఒకరు "అప్", ఒకరు చిటిక వేస్తే దానికేం తెలుస్తుంది. ఎక్కగానే గింజ, వెంటనే మళ్లీ కొమ్మ మీదికి దింపేయడం. ఎక్కిన వెంటనే గది అంతా తిప్పి అందరికీ చూపించాలన్న ఆత్రం ఉంటుంది, వద్దు. ఎక్కితే దిగనిస్తారు అన్నది తెలిసిన పక్షి రెండోసారి తొందరగా ఎక్కుతుంది.

వేలంటే మరీ భయమున్న వాటికి ఇంకో దారి ఉంది. ఐస్‌క్రీమ్ పుల్ల లాంటిది ఒకటి తీసుకుని దానికి దూరం నుంచి చూపండి, ముక్కుతో పుల్ల కొసను ముట్టుకోగానే "ఊఁ" అనో నాలుకతో టక్‌మనో ఒక శబ్దం చేసి గింజ ఇవ్వండి. పుల్లను ముడితే గింజ అన్న లెక్క దానికి తొందరగానే పట్టుబడుతుంది, ఆ తరవాత పుల్ల ఎటు పోతే అటు నడిచొస్తుంది, మెల్లగా ఆ పుల్లను మీ వేలి అవతల పెడితే వేలు దాటుకుని వస్తుంది. పుల్ల వెంట నడిపించి పంజరంలోకి తిరిగి పంపడానికి కూడా ఇది పనికొస్తుంది, అందుకే భయం లేని పక్షికి కూడా నేర్పమంటాను.

నిమరడం ఇంకా తరవాత మాట. తల వెనక, బుగ్గలు, మెడ వరకే. వీపు మీద, రెక్కల కింద నిమిరితే అది దాన్ని జత కట్టే సంకేతంగా తీసుకుంటుంది, తరవాత కోపం, గుడ్లు పెట్టే గొడవ. తల వంచి ఈకలు నిక్కబొడిచిందంటే నిమరమని అడుగుతోంది, అడగకుండా మనం పోకూడదు.

పంజరం బయట

వదిలే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, స్విచ్ మీద కాగితం అంటించండి, ఇంట్లో ఎవరో ఒకరు అలవాటుగా వేసేస్తారు. కిటికీలకు, వెంటిలేటర్లకు మెష్ ఉందో లేదో చూడాలి, అద్దాలకు కర్టెన్ వేయాలి, బకెట్లలో నీళ్లుంటే మూత పెట్టాలి, వీధి తలుపు గడియ పెట్టి అందరికీ చెప్పాలి. అన్నీ అయ్యాక పంజరం తలుపు తెరిచి మీరు దూరంగా కూర్చోండి. దాన్ని బయటికి తీయకండి, అదే వస్తుంది. మొదటిసారి ఎగిరి కర్టెన్ రాడ్ మీదో అల్మరా మీదో కూర్చుని దిగడం రాక అరుస్తుంది, స్టూలేసుకుని చేత్తో పట్టబోకుండా కంకి చూపించి, పుల్ల చూపించి పిలవండి. సాయంత్రం తిండికి ముందు వదిలితే ఆకలికి తిరిగి పంజరంలోకి వెళ్తుంది, వెళ్లినప్పుడు లోపల దానికి ఇష్టమైనది ఏదైనా ఉండాలి. లోపలికి వెళ్లడం అంటే సరదా అయిపోవడం అని అనిపించిందంటే రేపటినుంచి పంజరం ఎక్కదు.

కొరికితే

కొరుకుతుంది, ఎప్పుడో ఒకప్పుడు. "అబ్బా" అని అరిచి చెయ్యి విదిలిస్తే దానికి రెండు పాఠాలు: ఒకటి, కొరికితే చెయ్యి పోతుంది, రెండు, కొరికితే మనిషి వింతగా అరుస్తాడు, భలే ఉంది. ముక్కు మీద కొట్టడం, పంజరం మీద గుడ్డ కప్పి శిక్షించడం, నోటితో ఉఫ్‌మని ఊదడం ఇవేవీ పనిచేయవు, ఉన్న నమ్మకం కూడా పోతుంది. గొంతు పెంచకుండా దాన్ని దగ్గర్లో ఉన్న కొమ్మ మీద దింపేసి, ఒక నిమిషం మొహం పక్కకు తిప్పుకోండి. తరవాత కూర్చుని, కొరకడానికి ముందు అది ఏం చెప్పిందో గుర్తు తెచ్చుకోండి, కుచ్చు అతుక్కుందా, వెనక్కి జరిగిందా. తొంభై పాళ్లు ఏదో ఒకటి చెప్పే ఉంటుంది.

తిండి సంగతి

గింజల గిన్నె నిండుగా కనిపిస్తుంది, కానీ పైన ఉన్నదంతా ఒలిచి పారేసిన పొట్టే కావచ్చు. రోజూ గిన్నెను చేతిలోకి తీసుకుని పైన మెల్లగా ఊదండి, పొట్టు ఎగిరిపోయాక కింద ఎన్ని గింజలున్నాయో తెలుస్తుంది. గిన్నె నిండా తిండి ఉందనుకుని పస్తులుంచిన ఇళ్లు చాలా ఉన్నాయి.

కొర్రలు, సజ్జలు, కొంచెం పొద్దుతిరుగుడు గింజలు. వీటితో పాటు కొత్తిమీర, మునగాకు, క్యారెట్, జామ ముక్క, మొలకెత్తిన పెసలు. పచ్చి మిరపకాయ ఇవ్వొచ్చు, మంట మనకే గానీ పక్షులకు తెలియదు, గింజలతో సహా నమిలేస్తాయి. బుడ్డలు, అదే వేరుశనగలు, మన దగ్గర చవకని దోసెడు వేయకండి, కొవ్వు ఎక్కువ, పైగా తేమ తగిలి బూజు పట్టిన బుడ్డల్లో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, పక్షుల కాలేయాన్ని అది దెబ్బ తీస్తుంది. అవకాడో, చాక్లెట్, టీ కాఫీలు, ఉల్లి విషంతో సమానం. మనం తినే ఉగ్గాని, మిక్చర్ ముద్దుగా ఇస్తుంటారు, ఉప్పు నూనె దానికేం మంచివి?

మాటలు, కేకలు

మాట్లాడించాలనే చాలామంది తెచ్చుకుంటారు. ఆఫ్రికన్ గ్రే బాగా మాట్లాడుతుంది, మగ బడ్జీ గబగబా సన్న గొంతుతో మాట్లాడుతుంది, మగ కాకటీల్ మాటల కన్నా ఈల పాటలు బాగా నేరుస్తుంది, ఆడ కాకటీల్ మాట్లాడటం అరుదు. పెద్దయ్యాక బడ్జీల్లో ముక్కు పైన నీలంగా ఉంటే మగది, గోధుమ రంగైతే ఆడది, కొన్ని రంగుల పక్షులకు ఈ లెక్క పనిచేయదు. నేర్పేది ఏమీ లేదు, రోజూ ఒకే సందర్భంలో ఒకే మాట అనండి, రావాలనుంటే వస్తుంది. అద్దం పెడితే మాత్రం దానితోనే కాపురం పెట్టి మిమ్మల్ని పట్టించుకోదు.

మీరు గది దాటగానే అరుస్తుంది కదా, గుంపులో ఉండే పక్షులు "ఎక్కడున్నావ్" అని ఒకదాన్నొకటి అడిగే పిలుపు అది. పక్క గదిలోంచి మీరు చిన్న ఈల వేసి జవాబివ్వండి, చాలావరకు ఊరుకుంటుంది. జవాబివ్వకుండా ఉండి ఉండి, చెవులు హోరెత్తాక పరిగెత్తుకొస్తే హోరెత్తించడమే నేర్చుకుంటుంది. రాత్రి 10 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పదకొండు దాకా టీవీ మోగే హాల్లో ఉంటే పొద్దున్నే చిరాకు మీ వేలి మీదే చూపిస్తుంది. కాకటీళ్లు చీకట్లో ఉలిక్కిపడి పంజరమంతా కొట్టుకుంటాయి, చిన్న బెడ్ లైటు ఉంచితే తగ్గుతుంది.

ఎండాకాలం

బడ్జీ, కాకటీల్ పుట్టిల్లు ఆస్ట్రేలియా మధ్యలోని పొడి నేలలు, ఎండ వాటికి కొత్త కాదు. కానీ అక్కడ నీడకు, నీళ్లకు ఎగిరిపోగలవు, మన పంజరంలో ఎక్కడికి పోతాయి? కర్నూలు ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలే, మిద్దె కింద పై అంతస్తు గది సాయంత్రానికి పొయ్యిలా ఉంటుంది. పక్షులకు చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుందంటే వెంటనే చల్లటి చోటుకు మార్చి, కాళ్ల మీద మామూలు నీళ్లు చల్లండి, ఐసు నీళ్లు వద్దు. కింది గది, కూలర్ గాలి నేరుగా తగలని మూల, రెండు పూటలా మార్చిన నీళ్లు, పొద్దున వెడల్పు ప్లేట్లో స్నానానికి వేలెడు లోతు నీళ్లు. ఈ రెండు నెలలు పాఠాలు తెల్లవారుజామునే పెట్టుకోండి, మధ్యాహ్నం ఎవరికైనా చిరాకే.

ఎవరో పెంచి వదిలించుకున్న పెద్ద పక్షిని తెచ్చుకున్నా దారి ఇదే, కాకపోతే వారాలు నెలలవుతాయి. దానికి చేతులతో పాత గొడవ ఏదో ఉంటుంది, టోపీ అంటేనో, చీపురు అంటేనో, మగ గొంతు అంటేనో. అది ఏదో కనిపెట్టి కొన్నాళ్లు కంటబడకుండా చూడండి.

డబ్బా అలవాటు

పక్షులు జబ్బును దాచుకుంటాయి. ఈకలు ఉబ్బించుకుని పగలంతా కునుకుతూ ఉన్నా, పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరికి తోక పైకీ కిందికీ ఊగుతున్నా, రెట్ట రంగు మారినా అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి. వంటింటి డిజిటల్ త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకుంటే ముందే తెలుస్తుంది, బడ్జీ 30 నుంచి 40 గ్రాములు, కాకటీల్ 80 నుంచి 100 గ్రాముల దాకా ఉంటుంది. గేదెలు, గొర్రెలు చూసే డాక్టర్లు ఊరూరా ఉన్నా చిలకలను చూసే అనుభవం అందరికీ ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతిలోనూ ఉంది. అంటే గంటల తరబడి ప్రయాణం ఉండొచ్చు, ఆ రోజు తువ్వాలుతో పట్టి డబ్బాలో కుక్కితే ఇన్నాళ్ల శ్రమ బూడిదలో పోసినట్టే.

అందుకని బాగున్న రోజుల్లోనే చిన్న ప్రయాణపు డబ్బాను తలుపు తెరిచి పంజరం పక్కన పెట్టి ఉంచండి. ముందు దాని పైన గింజలు, తరవాత గడప దగ్గర, తరవాత లోపల. లోపలికి పోయి తిని వచ్చేస్తూ ఉండగా ఒక రోజు తలుపు వేసి వెంటనే తీయండి, మరో రోజు కాసేపు వేసి ఉంచండి, ఇంకో రోజు చేత్తో ఎత్తి గది దాటించి తీసుకురండి. ప్రయాణం రోజు నీళ్ల గిన్నె వద్దు, ఒలికి పక్షి తడుస్తుంది, కీరదోస ముక్క పెడితే నీళ్లకు నీళ్లు, తిండికి తిండి. మూడు వైపులా గుడ్డ కప్పి గాలి ఆడే వైపు వదిలేయండి, ఎండాకాలమైతే తెల్లవారకముందే బయల్దేరండి. తిరిగొచ్చాక డబ్బా తలుపును పంజరం తలుపుకు ఆనించి తెరిచి పెట్టండి, అదే దిగిపోతుంది. డాక్టరు మందు రాసి ఉంటే, గింజలకు అంటించి ఇవ్వొచ్చా, డ్రాపర్‌తోనే వేయాలా అన్నది అక్కడే అడిగి తెలుసుకోండి, ఇంటికొచ్చాక పట్టుకుని నోట్లో పోయాల్సిన అవసరం చాలాసార్లు తప్పుతుంది.